వెర్నా పేరున్న వరుస

టర్లాక్, కాలిఫోర్నియా
అక్టోబరు 9

ఓపల్,

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి మీ అక్క వెర్నా ఉత్తరాల కోసం రోడ్డు పక్కనున్న డబ్బా దాకా నడిచింది. తాగి ట్రక్కు నడుపుతున్న హాస్కెల్ ఆమెను గుద్దాడు. నేను పరుగెత్తి చేరేసరికి ప్రాణం లేదు. ఇప్పటికీ నాలుగింటికి వాకిట్లో ఆమె అడుగుల చప్పుడు వినబడి తలుపు తీస్తున్నాను.

కోర్టులో ప్రభుత్వ వకీలుకీ హాస్కెల్‌కీ రాజీ కుదిరింది. తాగి నడిపానని హాస్కెల్ ఒప్పుకున్నాడు. చంపాడన్న ఆరోపణ ఎత్తేశారు. అయినా మనం రసీదులు దాఖలు చేస్తే అంత్యక్రియల ఖర్చు పరిహారంగా అతనే ఇవ్వాలని జడ్జి ఆదేశించాడు.

“అక్క ప్రాణానికి రసీదులు పట్టుకెళ్తావా బావా? సిగ్గులేదూ?” అని నిన్న ఫోనులో అరిచావు. ఆ డబ్బు నాకూ వద్దు. కానీ తీర్పు మొత్తం చదివాను. నేరం రాసినచోట వెర్నా పేరు లేదు. పరిహారం రాసిన ఒక్క వరుసలోనే ఉంది. వద్దంటే ఏమవుతుందని కోర్టు గుమస్తాను అడిగాను.

“ఆ వరుస కొట్టేస్తామండీ. ఇక మీ ఆవిడ పేరు ఈ తీర్పులో ఎక్కడా ఉండదు” అందామె.

రేపు ఉదయం కోర్టు తెరవగానే శవపేటిక రసీదు దాఖలు చేస్తాను.

మీ బావ