చేతులు వెనక్కి కట్టుకున్న పది రోజులు

జూన్ 1, ఆదివారం

ఉదయం 9:00. నిర్ణయం తీసేసుకున్నాను! రేపు మొదలయ్యే నా పది రోజుల అక్రిలిక్ రంగుల క్లాసులో ఎవరి కాన్వాస్ మీదా నా కుంచె పడదు. చుక్క కూడా!

కారణం రాసి పెట్టుకోవాలి, లేకపోతే మర్చిపోతాను. పోయిన బ్యాచ్ ఆఖరి రోజు ప్రదర్శన పెట్టాం. లైబ్రరీలో పనిచేసే ఆవిడ ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొచ్చి, తన బొమ్మ పక్కన నిలబడి ఫొటో దిగింది. తీరా చూస్తే అది పక్కావిడ బొమ్మ. ఇద్దరికీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? "కొంచెం ఇలా ఇవ్వండి" అంటూ కుంచె లాక్కుని పన్నెండు బొమ్మలూ నేనే వేసేశాను కదా!

మా ఆయనతో చెప్తే, "పది రోజులా? ముందు పది నిమిషాలు ఉండు చూద్దాం" అన్నారు. మామగారు మాత్రం పేపరు దించి, "నేనూ వస్తానమ్మా క్లాసుకి" అన్నారు.

మామగారు! ముప్పై రెండేళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. రెండేళ్లుగా ఆ కుర్చీ, ఆ కిటికీ, ఆ పేపరు. నేను ఎగిరి గంతేశాను.

జూన్ 2, సోమవారం

టైలరు షాపు మీద మా హాలు. ముందు వరస కొత్తవాళ్లు, ఆరుగురు. వెనక వరస చెయ్యి తిరిగినవాళ్లు, నలుగురు.

10:00. చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాను.

10:40. ముందు వరసలో పళ్ల డాక్టరుగారు కొండలు వేస్తున్నారు. తెల్లగా, వరసగా, కింద గులాబీ రంగు చిగుళ్లతో సహా! పెదవి కొరుక్కున్నాను.

12:00. ఒక్క చుక్క వేయలేదు! నేనంటే నాకే ముద్దొచ్చింది.

జూన్ 3, మంగళవారం

మామగారు రోడ్డు మొదలుపెట్టారు. డ్రైవరు సీట్లోంచి కనిపించే రోడ్డు. ఇంటికొచ్చాక కూడా దాని కబుర్లే.

వేలితో చూపించడం తప్పు కాదు. గోటికి కాస్త రంగు అంటింది. గోరు కుంచె కాదు.

జూన్ 4, బుధవారం

అక్రిలిక్ ఇరవై నిమిషాల్లో ఆరిపోతుంది. కొత్తవాళ్లు ఆలోచిస్తూ కూర్చునేలోపే ప్లేట్లలో రంగులు గడ్డకడుతున్నాయి. నీళ్ల స్ప్రే పట్టుకుని తిరిగాను. డాక్టరుగారు కొండల ముందు నిలబెట్టిన చెట్టు మీద కాస్త గట్టిగా కొట్టాను. రంగు కారి కొమ్మ వంగింది. అబ్బ, ఎంత అందంగా వంగిందో! నీళ్లు రంగు కాదు. నిర్ణయం భద్రం.

జూన్ 5, గురువారం

డాక్టరుగారి చెయ్యి పట్టుకుని మూడు ఆకులు వేయించాను. కుంచె ఆయన చేతిలోనే ఉంది. ఆయన చెయ్యి నా చేతిలో ఉంది, అంతే.

"మేడమ్, నేనైతే నా పేషెంట్ల చెయ్యి పట్టుకుని వాళ్ల పన్ను వాళ్లచేతే పీకించనండీ" అన్నారు.

జోకు. జోకే అనుకుంటా.

జూన్ 6, శుక్రవారం

వెనక వరసలో బోర్డు మాస్టారున్నారు. నలభై ఏళ్లు షాపుల బోర్డులు రాసిన చెయ్యి. ఆయన వేసిన నది వంకర పోయింది. 11:10కి చేతులు కడుక్కోడానికి వెళ్లారు. 11:12కి నది సాఫీగా ఉంది.

తిరిగొచ్చి తల పట్టుకున్నారు. "అమ్మా! జన్మలో ఒక్క గీత వంకర పోనివ్వలేదు నేను. అది నేర్చుకుందామనే ఇక్కడికొచ్చాను. నాలుగు రోజులు తంటాలు పడితే ఇవాళ కుదిరింది. చెరిపేశారే!"

అసలు ఈ నిర్ణయం కొత్తవాళ్లకే వర్తిస్తుందని మొదట్లోనే రాసుకోవాల్సింది.

జూన్ 7, శనివారం

ఇవాళ్టి జాబితా: ఆకాశాలు రెండు. పడవ ఒకటి. నీడలు గుర్తులేవు. అందరూ కొత్తవాళ్లే.

ఒకావిడైతే తనే కుంచె చేతికిచ్చి "మీరే కానివ్వండి" అంది. అడిగాక కాదంటే బాగుంటుందా?

జూన్ 8, ఆదివారం

మామగారి రోడ్డు. కింద ఎంత వెడల్పో పైన ఆకాశం అంచున కూడా అంతే వెడల్పు. రోడ్డులా లేదు, గోడలా ఉంది. ఆరు రోజులు ఓర్చుకున్నాను. ఆయన టీకి కిందికి దిగగానే పెద్ద కుంచె తీశాను. ఎనిమిది నిమిషాలు! రోడ్డు సన్నబడుతూ సన్నబడుతూ పోయి, కొండల మధ్య చుక్కలో కలిసిపోయింది.

ఆయన వచ్చి చాలాసేపు చూశారు.

"బాగుందమ్మా. కానీ ముప్పై రెండేళ్లు ఆ రోడ్డు మీద బండి నడిపాను. ఒక్కరోజూ సన్నబడలేదది. ఎంత దూరం పోయినా నా బస్సుకి చాలినంత ఉంది."

కుంచె కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టేశారు.

జూన్ 9, సోమవారం

మామగారు క్లాసుకి రాలేదు. మోకాలు నొప్పిట. మళ్లీ ఆ కుర్చీ, ఆ కిటికీ. పేపరు మడత కూడా విప్పలేదు.

"ఏం చేశావు?" అన్నారు మా ఆయన. ఏం జరిగిందని కాదు, ఏం చేశావని!

ఇవాళ క్లాసులో ఎవరి జోలికీ పోలేదు. చెయ్యి లేవలేదు.

జూన్ 10, మంగళవారం

7:00. కాఫీ పట్టుకెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"మామయ్యగారూ, తప్పు నాది. మీ రోడ్డు మళ్లీ వేయండి."

"పోయిందిగా."

"పోలేదు. ఆరిన రంగు మీద ఇంకో రంగు ఎంతైనా వేయొచ్చు. కింద ఏముందో ఎవరికీ కనబడదు."

కాసేపు కాఫీ తాగారు. "అంటే, నీ దాని మీదే వేసెయ్యొచ్చా?"

"కసితీరా!"

లేచి చెప్పులు వెతుక్కున్నారు. మోకాలి సంగతి ఇద్దరం ఎత్తలేదు.

10:00 నుంచి 12:00. నేను హాల్లో ఉంటే ప్రమాదమని కింద టైలరు దగ్గర కూర్చున్నాను. అతను కుట్టిన కాలరు ఒకటి లాగి సర్దబోతే, "మేడమ్, పైకి వెళ్లండి" అన్నాడు.

జూన్ 11, బుధవారం

ప్రదర్శన! హాల్లో అడుగుపెట్టి చూస్తే, ప్రతి బొమ్మ కిందా అట్టముక్క. ముత్యాల్లాంటి అక్షరాలు. బోర్డు మాస్టారి పని!

"కొండలు, చెట్టు: పళ్ల డాక్టరు. ఆకులు మూడు: టీచరు."

"నది: బోర్డు మాస్టారు. సాఫీ చేసినది: టీచరు. మళ్లీ వంకర తిప్పినది: బోర్డు మాస్టారు."

"రోడ్డు: బస్సు డ్రైవరు. టీచరు వేసిన రోడ్డు దీని అడుగున కలదు."

సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత నవ్వలేక చచ్చిపోయాను.

జనమంతా ఆ రోడ్డు ముందే. ఎంత వెడల్పుగా, నల్లగా మీదికొచ్చేస్తోందో! ఒకావిడ రెండడుగులు వెనక్కి వేసి, "అమ్మో, నేనే బస్సు తోలుతున్నట్టుందండీ" అంది. అంతే, మామగారు అందుకున్నారు. ఏ మలుపులో హారన్ కొట్టాలో, ఏ స్టాపులో ఎవరు పరిగెత్తుకొచ్చేవారో! మా ఆయన నా చెవిలో "నాన్న ఇన్ని మాటలు మాట్లాడతారని నాకే తెలీదు" అన్నారు.

జూన్ 16, సోమవారం

కొత్త బ్యాచ్! నిర్ణయం మళ్లీ మొదలు! ఈసారి ఎవరి కాన్వాస్ మీదా నా కుంచె పడదు. కొత్తవాళ్లూ, పాతవాళ్లూ, అడిగినవాళ్లూ, టీకి వెళ్లినవాళ్లూ, అందరికీ వర్తిస్తుంది.

మామగారు మళ్లీ చేరారు. అడక్కుండానే వెళ్లి చెయ్యి తిరిగినవాళ్ల వరసలో కూర్చున్నారు.

10:00. చేతులు వెనక్కి.

10:25. ముందు వరసలో ఒకమ్మాయి సముద్రం వేస్తోంది. అల అంచున తెలుపు లేదు. ఇంత తెలుపు, ఒక్క ఇంత...

వెనక నుంచి హాలంతా అదిరేలా కేక: "అమ్మాయ్! బ్రేకు!"

కుంచె గాల్లోనే ఆగింది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

నిర్ణయం 10:26 నుంచి అమలు.