గాజు గిన్నెల్లో బూజు

విత్తనాల గది నుంచి,
9 ఆగస్టు

చిరంజీవి చెల్లికి,

అక్క ఆశీర్వదించి రాస్తున్నది. నువ్వూ, మరిదీ, చంటిదీ ఒంట్లో బాగున్నారని తలుస్తాను. ఫోను ఎత్తడం లేదు కనుక కాగితం పట్టుకున్నాను. కోపంతో చింపేయకుండా చివరిదాకా చదువు.

మీ ఆయన్ని నేనెందుకు అనుమానించానో నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు. తోట వెనక వాలు మీద ఒకే ఒక్క నేల ఆర్కిడ్ మిగిలింది కదా. ఏడాదికి ఒకటో రెండో కాయలు కాస్తుంది. కాయ విప్పితే విత్తనాలు పౌడరులా ఉంటాయి, దగ్గరగా తుమ్మితే ఎగిరిపోతాయి. వాటిలో తిండి ఉండదు, మొలకకి మొదటి ముద్ద ఎవరో ఒకరు పెట్టాలి. పదకొండేళ్ళుగా నేను చక్కెర కలిపిన జెల్లీ మీద చల్లి మొలిపిస్తున్నాను. గాజు గిన్నెలో ఉన్నంతకాలం కళకళలాడతాయి. మట్టిలోకి మారిస్తే పది రోజులకే వాలిపోతాయి.

జనవరిలో కొన్ని గిన్నెలకు బూజు పట్టింది. మా గదిలో బూజు పట్టడమంటే ఇంట్లో దొంగ పడ్డట్టే. అదీ ఆదివారం సెలవు దాటాకే కనబడేది. గదికి రెండే తాళంచెవులు. ఒకటి నా సంచిలో, రెండోది మొక్కలకు నీళ్ళు పెట్టే మీ ఆయన దగ్గర.

కనిపెట్టడం మొదలుపెట్టాను. సోమవారం పొద్దున మైక్రోస్కోపు ముందు కుర్చీ నా ఎత్తుకు ఉండేది కాదు. పారేద్దామని తొట్టిలో వేసిన బూజు గిన్నెలు మాయమయ్యేవి. వాలు మీదికి వెళ్తే ఆర్కిడ్ మొదట్లో మట్టి తవ్వి కప్పినట్టుంది. మరిదిని అడిగాను. ఎలుకలేమో వదినా అని తల దించుకున్నాడు. ఎలుక తవ్వుతుంది సరే, అంత నున్నగా కప్పి కూడా వెళ్తుందా? మీ ఇంటికొచ్చిన రోజు పొయ్యి పక్కన ఓట్స్ గంజి చూశాను. చంటిదానికి అక్కా అని నువ్వు గబుక్కున మూత పెట్టావు. చంటిది అప్పటికి పాలు తప్ప ఏమీ ముట్టేది కాదు. నిన్నూ నమ్మలేకపోయాను.

మొక్కను ఎవరికో అమ్ముకుంటున్నాడని, అందుకే నా విత్తనాలు చెడగొడుతున్నాడని జులై 7న పై అధికారికి రాసిచ్చాను. ఆ సాయంత్రమే తాళంచెవి తీసుకుని పంపేశారు. గేటు దగ్గర ఆగి, కింది అరలో అట్టపెట్టె ఉంది, పారెయ్యకు వదినా అన్నాడు. అందులోనూ ఏదో మెలిక ఉందనే అనుకున్నాను.

వారం తర్వాత ఆ పెట్టె విప్పాను. మాయమైన గిన్నెలన్నీ అందులోనే ఉన్నాయి. బూజు మధ్యన రెండేసి ఆకులతో మొలకలు. మైక్రోస్కోపులో చూస్తే బూజు పోగులు మొలకలోకి దూరి ఉండలు చుట్టుకున్నాయి. మొలక వాటిని మెల్లగా అరిగించుకుంటోంది. అది చీడ కాదే, ఆ ఆర్కిడ్ వేళ్ళలో కాపురముండే శిలీంధ్రం. మీ ఆయన వేలెడంత వేరుముక్క తెచ్చి, నువ్వు కాచిన గంజి మీద ఆ బూజును పెంచి, నా విత్తనాల పక్కన పెట్టాడు. అడిగితే నేను గదిలోంచి గెంటేస్తానని తెలుసు కాబట్టి అడగలేదు.

నలభై మొలకల్ని మట్టిలోకి మార్చాను. మూడు వారాలైంది, నిలబడే ఉన్నాయి. గిన్నెల్లో మిగిలినవాటిని మాత్రం ఇప్పుడు బూజే తినేస్తోంది. గంజి ఎంత పలచగా ఉంటే ఆ రెండూ సర్దుకుపోతాయో మీ ఆయనకే తెలుసు. అక్కకి పనిపడింది కాబట్టి ఉత్తరం రాసిందని అనుకుంటావు. అదీ నిజమే. పొరపాటు పడ్డాను, అతన్ని రమ్మను.

ఇట్లు,
మీ అక్క

తా.క. వారం తర్వాత అని రాసింది అబద్ధం. అట్టపెట్టె ఫిర్యాదుకి రెండు రోజుల ముందు, శనివారమే నా కంటబడింది. మొలకలన్నీ చూశాను, మైక్రోస్కోపులోనూ చూశాను. పదకొండేళ్ళు నాకు చేతకానిది నీళ్ళు పెట్టేవాడికి చేతనైంది. సోమవారం వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాను. ఈ సంగతంతా రాసి, సంతకం పెట్టి, ఇవాళ పొద్దున పై అధికారి చేతికిచ్చాను. అనుమానంతో చేశానని ఇన్నాళ్ళూ అందరితో అన్నాను. ఆ సోమవారం నాటికి నాకు ఏ అనుమానమూ లేదే చెల్లీ.