గుమ్మకోన పటం మీద పుర్రె గుర్తు

సబ్ కలెక్టర్ గారి సముఖమునకు
(అటవీ భూమి హక్కుల విచారణ)

అయ్యా,

విషయం: గుమ్మకోన లోయలోని పదిహేడు ఇళ్లకు ఆధారమైన 1968 నాటి సర్వే పటాన్ని సినిమా సామాను అని తిరస్కరించుట – పునఃపరిశీలన కోరుట.

ఫిల్మ్ నగర్ నివాసి, విశ్రాంత లెక్కల ఉపాధ్యాయిని, 81 సంవత్సరముల శ్యామలాదేవి విన్నపము.

1. సదరు పటం గీసినది నా భర్త, సర్వేయరు కీ.శే. వెంకటేశ్వరరావు గారు. ఆ లోయలో ఇళ్లున్నట్లు చూపే పటం ఇదొక్కటే. తరువాతి పటాలలో అక్కడ ఆకుపచ్చ రంగు తప్ప ఏమీ లేదు. కార్యాలయ ప్రతి కనబడుటలేదని తమ కార్యాలయమే వ్రాసి ఇచ్చినది; మా ఇంట దాచిన ఈ ప్రతి ఒక్కటే మిగిలినది.

2. గత ఆగస్టులో నా మనవరాలు నిహారిక, తాను పనిచేసే సినిమా కొరకు, రెండు రోజుల షరతుపై దీనిని తీసుకువెళ్లినది. పటం పదకొండవ రోజున తిరిగి వచ్చినది. సినిమా వారు దానిని టీ డికాషన్‌లో తడిపి, అంచులు కాల్చి, ఇళ్ల గుంపు మీద ఎర్ర సిరాతో పుర్రె, ఎముకలు వేసి, పక్కన "నిధి" అని వ్రాసినారు.

3. ఆర్ట్ డైరెక్టర్ త్రినాథరావు గారిని నిలదీయగా, "కెమెరాకి పాతదిలా లేదండీ మామ్మగారూ, అందుకని పాతది చేశాం" అన్నారు. అది యాభై ఏడేళ్ల నాటిదని చెప్పితిని. "మీరు మరీ జాగ్రత్తగా దాచేశారండీ, అదే వచ్చింది చిక్కు" అన్నారు.

4. విచారణ రోజున, లోయ పెద్ద కొర్రా బుద్రయ్య గారు పటం విప్పగానే తమ సిబ్బంది నవ్వినారు. "నిధి దొరికిందా తాతా?" అని అడిగినారు. వారిని తప్పుపట్టలేను. ఇప్పుడు చూస్తే నాకే నమ్మబుద్ధి కావటం లేదు.

5. ఎర్ర సిరా కింద ఇళ్ల నల్లని చుక్కలు ఇంకా ఉన్నవి. వెలుతురుకు పట్టి లెక్కించితిని. పదహారు వచ్చినవి. విడిగా, లోయ మొదట్లో ఉండవలసిన పదిహేడవది కాలిన అంచుతో పోయినది. అది బుద్రయ్య గారి ఇల్లు.

కావున తిరస్కరణను పక్కనపెట్టి, తమరు స్వయంగా ఒక్కసారి పటాన్ని వెలుతురులో చూడవలెనని కోరుచున్నాను. ఇంతకుమించి ఏమి అడగవలెనో నాకు తెలియటం లేదు. దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
శ్యామలాదేవి

తా.క. రెండవ అంశం సరిగా రాయలేదు. "ఒరిజినల్ వద్దు అమ్మమ్మా, జిరాక్స్ చాలు" అనే అడిగింది నిహారిక. మా వారి చేతిరాత తెర మీద చూసుకోవాలని, అసలు పటమే తీసుకుపొమ్మని ఇచ్చింది నేను. ఈ మాట బుద్రయ్య గారికి ఇంకా చెప్పలేదు. ఈ అర్జీ కోసం వరండాలో కూర్చుని ఉన్నారు. "పటం మడతెట్టకమ్మా, నలిగిపోద్ది. సుట్టి ఇయ్యి, ఒళ్లో ఎట్టుకెల్తాను" అని ఇప్పుడే కేకేసి చెప్పారు.