సందులో చెప్పుల చప్పుడు

నవంబరు 4, పొద్దున

నన్ను ఇస్త్రీ పెద్దమ్మ అంటారు. ఆ పేరుతో పిలిస్తేనే పలుకుతాను. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో నా మోకాళ్ళకు తెలుసు. ఇంట్లో ఉండేది ఇద్దరం, నేనూ నా కోడలూ. కొడుకు లారీ మీద తిరుగుతాడు. ఇంటికొస్తే చుట్టం, వెళ్తే ఫోను. నాకు చదువు రాదు. చెప్పేది నేను, రాసేది కోడలు.

నా కేసు ఇది. మెయిన్ రోడ్డు మీద నుంచి మా సందులోకి తిరిగే చోట ఒక స్తంభం ఉంది. దాని దీపాన్ని ఎవరో రాయి పెట్టి పగలగొట్టారు. ఎవరో అని కరెంటు ఆఫీసు వాళ్ళ కోసం అంటున్నాను. ఆ మూల నిలబడి గంజాయి పొట్లాలు అమ్ముకునే వాళ్ళకు వెలుతురంటే పడదు. సందు చివర మా ఇల్లు, ఇంటి ముందు నా ఇస్త్రీ బల్ల. నా బల్బు వెలుతురు సగం సందు దాకా వస్తుంది. మిగతా సగం కాటుక పూసినట్టు ఉంటుంది.

ఆఫీసుకు వెళ్ళాను. గుమాస్తా తలెత్తకుండానే, మాటలు ఫైల్లో పెట్టలేం పెద్దమ్మా, ఏ రోజు ఏం జరిగిందో తేదీలు వేసి రాయించుకురా, చివర నీ వేలిముద్ర, ఇద్దరు సాక్షులు ఉండాలి అన్నాడు. సరే నాయనా, రాయిస్తాను. చదవలేక చస్తావు.

ఆ ఆఖరి మాట రాయొద్దని చెప్పాను. రాసేసింది.

నవంబరు 5

దీపం లేదు.

నవంబరు 7, పొద్దున

ఇది కేసుకు పనికొచ్చే సంగతి. నిన్న సాయంత్రం ఆ చీకట్లోనే మా సందులోని మందుల షాపు అమ్మాయి సంచి పట్టుకు లాగారు. బండి మీద ఇద్దరు. ఆ అమ్మాయి సంచిని భుజం మీద నుంచి అడ్డంగా వేసుకుంది. పట్టీ తెగలేదు, మనిషే ఈడ్చుకుపోయింది. మోచేయి చెక్కుకుపోయింది. దెబ్బకు మందు దాని షాపులోనే ఉన్నా, ఒంటిచేత్తో సీసా మూత తీయలేకపోయింది. నేనే తీశాను.

కోడలికి మళ్ళీ అన్నీ చెప్పాను. సంచి గోడ వైపు పెట్టుకో. లాగితే వదిలెయ్, నీకంటే ఎక్కువేం కాదు అది. చెవుల్లో పాటలు వద్దు. ఫోను బయటికి తీయకు. టైమెంతయిందని ఎవడైనా అడిగితే నడుస్తూనే తెలీదని చెప్పు. తాళంచెవి గుమ్మం దగ్గర వెతుక్కోకు, సందు మొదట్లోనే చేతిలోకి తీసుకో.

నువ్వు బల్ల దగ్గరే ఉంటావు కదా అత్తయ్యా, నాకు తాళంచెవి దేనికి అంది.

ఒక రోజు నేను ఉండకపోతే అన్నాను.

రాయడం ఆపేసింది. తర్వాత, చెప్పు, రాస్తున్నా అంది.

నవంబరు 10, పొద్దున

కోడలు కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. అద్దాన్ని మిషను మీద అరగదీసి ఫ్రేములో బిగిస్తుంది. మధ్యాహ్నం షిఫ్టు. పని నేర్చుకున్నాక మొట్టమొదట చేసిన జోడు నాకే ఇచ్చింది. రేకుపెట్టెలో పెట్టాను. నా కళ్ళకేం రోగం?

మొదటి జీతంతో మడమల చెప్పులు కొనుక్కుంది. టక్కు టక్కుమంటూ వచ్చేది. గుర్రబ్బండిలా వస్తున్నావే, ఊరంతా లేచి చూస్తోంది అని రోజూ తిట్టేదాన్ని. కానీ ఆ చప్పుడు సందు మొదట్లో వినపడగానే కూర పొయ్యి మీద పెట్టేదాన్ని. ఇంట్లోకొచ్చేసరికి పొగలు కక్కుతూ ఉండేది.

మూడు రోజులుగా ఆ చప్పుడు లేదు. గుడ్డ బూట్లు వేసుకుంటోంది. కాళ్ళు నొప్పులంటోంది. రొప్పుతూ వస్తోంది. కాళ్ళు నొప్పిగా ఉన్న మనిషి పరుగెత్తుతుందా?

ఇంకొకటి కూడా గమనించాను. గునపం అని మేం పిలిచేవాడి బూట్ల మోత కూడా ఈ మధ్య సాయంత్రాలు వినపడటం లేదు. వాడిది సందు మధ్య ఇల్లు. ఒకప్పుడు జైలుకెళ్ళొచ్చాడు, ఇప్పుడు పాత ఇనుము కొట్టులో బరువులు మోస్తున్నాడు. తలుపుకు అడ్డం నిలబడితే తలుపు కనపడదు. వాణ్ణి చూస్తే అందరూ అవతలి గోడ పక్కకు జరుగుతారు. మళ్ళీ లోపలికి వెళ్ళాడేమో అనుకున్నాను.

ఇది దీపం కేసా, నా చెప్పుల కేసా అంటోంది కోడలు. నువ్వు రాయి.

నవంబరు 12, సాయంత్రం

ఇవాళ రాసేది కోడలు కాదు. మందుల షాపు అమ్మాయి. మోచేతికి పట్టీ కట్టుకునే రాస్తోంది పాపం.

నిన్న కోడలు నోరు విప్పింది. ఎవడో వెనకాల నడుస్తున్నాడట. మెయిన్ రోడ్డు మీద బస్సు దిగగానే మొదలు. ఇది ఆగితే వాడూ ఆగుతాడట. భారీ మనిషి. చేతిలో ఏదో బరువుగా ఉంటుందట. అడుగుల చప్పుడే ఉండదట. అత్తయ్యా, చప్పుడున్నా బాగుండేది, ఎంత దూరంలో ఉన్నాడో తెలిసేది అంది.

దాని ముందు నేను గట్టిగా ఉన్నాను. ఎవడైనా కానీ, కాల్చిన ఇస్త్రీ పెట్టెతో మొహం మీద మడత పెడతా అన్నాను. నవ్వింది.

ఇప్పుడిది దానికి తెలియకుండా రాయి అమ్మా. సాయంత్రం అయ్యేసరికి నా గుండె బట్టలు పిండినట్టు అయిపోతోంది. నాకు ఆడపిల్లలు లేరు. ఇదొచ్చాకే ఈ ఇంట్లో ఇంకో గొంతు వినపడింది. నాతో పోట్లాడటానికి ఇంకెవరున్నారు నాకు?

పెద్దమ్మా, ఇది ఆఫీసుకు ఇచ్చే కాగితం కదా అంది అమ్మాయి. అయితే ఏం, ఆఫీసు వాళ్ళకు ఇళ్ళు లేవా?

నవంబరు 13, పొద్దున

నిన్నటిది కోడలు చదివింది. నా జడ విప్పి మళ్ళీ అల్లింది. బాగానే ఉన్న జడ.

నవంబరు 14

కొడుకు ఫోను చేశాడు. సంగతి తెలిసి, పని మానిపించెయ్యమ్మా అన్నాడు. దారి బాగాలేదని నువ్వు లారీ మానేస్తావా అన్నాను. నాకూ దానికీ పోలికేంటన్నాడు. నీ లారీకి నాలుగు వైపులా లైట్లున్నాయి, దానికి ఒక్కటీ లేదు, అదొక్కటే తేడా అన్నాను. ఫోను పెట్టేశాడు. కాసేపటికి మళ్ళీ చేసి, జాగ్రత్తగా ఉండమను అన్నాడు. పిరికివాడు కాదు, దూరంలో ఉన్నాడు.

కోడలు మాత్రం మానేస్తానంటోంది. రేపు ఓనరుకు చెప్తుందట. అంటూనే జేబులోంచి అద్దం తుడిచే గుడ్డ తీసి, మడిచి, మళ్ళీ జేబులో పెట్టుకుంది. షాపులో ఒక ముసలాయన జోడు పెట్టుకోగానే మనవరాలి మొహం చూసి, నీకు ఇక్కడ పుట్టుమచ్చ ఉందా అన్నాడట. ఆ సంగతి నాకు ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పిందో. ఆ పని ఇది ఎలా మానుతుంది?

ఒక్క రోజు ఆగు అన్నాను.

నవంబరు 16, పొద్దున

రాయి. అంతా రాయి. నవ్వకు.

నిన్న సాయంత్రం చెప్పకుండా సందు మొదటికి వెళ్ళాను. ఒక చేత్తో స్టూలు, ఒక చేత్తో బట్టల మీద చల్లే నీళ్ళ బకెట్. దీపం లేని స్తంభం వెనక కూర్చున్నాను. మోకాళ్ళు తిట్టుకున్నాయి. బస్సు ఆగింది. కోడలు దిగింది. గబగబా నా ముందు నుంచే వెళ్ళిపోయింది, నన్ను చూసుకోలేదు. దాని వెనక వచ్చాడు. కొండలా ఉన్నాడు. చప్పుడు లేదు. రెండు చేతుల్లో ఏవో నల్లటి బరువులు.

బకెట్ ఎత్తి మొహం మీద కొట్టాను. నీళ్ళన్నీ. తర్వాత బకెట్ కూడా.

ఓరి నాయనో అని అరిచి కింద కూలబడ్డాడు. పెద్దమ్మా, నేనే, గునపాన్ని అన్నాడు. చేతుల్లో ఉన్నవి వాడి బూట్లు. ఉత్త కాళ్ళతో నడుస్తున్నాడు, ఇంత మనిషీ, పిల్లిలా.

కోడలు పరుగున వెనక్కి వచ్చింది. ఇంటికి తీసుకొచ్చాం. తడిచొక్కా విప్పించి, మా వాడి చొక్కా ఇచ్చాను. ఒక చెయ్యి కూడా దూరలేదు. తువ్వాలు కప్పుకుని స్టూలు మీద కూర్చున్నాడు. నేను వాడి చొక్కా ఇస్త్రీ పెట్టి ఆరబెడుతూ అడిగాను, ఏంట్రా ఇది అని.

మందుల షాపు పిల్ల పడిపోయిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను పెద్దమ్మా, అరుపు విని బయటికొచ్చేసరికి బండి పోయింది అన్నాడు. మర్నాడు ఈ చెల్లెలు మా గుమ్మం ముందు నుంచి పరుగెత్తి వెళ్ళింది, అప్పటి నుంచి వెనకాల వస్తున్నాను అన్నాడు. బూట్లెందుకు విప్పావంటే, నా బూట్ల చప్పుడు వింటే సందులో పిల్లలే ఏడుస్తారు, భయపడుతుందని విప్పాను అన్నాడు.

కోడలు ఇక మొదలుపెట్టింది. వారం రోజులు నిద్ర లేదు నాకు, నీకు నోరు లేదా, ఒక్క మాట చెప్పలేవా, వెనకాల నడిచేది కాపలా అయినా దొంగ అయినా నా వీపుకు ఒకటే అన్నా, అంది. నా పని మానేసేదాన్ని నీ మంచితనానికి అంది. అంటూ అంటూ ఏడ్చింది. గునపం తల దించుకున్నాడు. వాడి జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. అందులో కొన్ని బకెట్‌వి కావు.

చొక్కా కాలరు చిరిగి ఉంది. నాలుగు కుట్లు వేశాను. వేస్తూ తీర్పు చెప్పాను. వెనక నడవకు. ముందు నడు. బూట్లు వేసుకో. ఎంత మోత చేయగలవో అంత చెయ్. నువ్వు ఎక్కడున్నావో దానికి తెలియాలి, చీకట్లో ఉన్నవాడికీ తెలియాలి.

నేను రావద్దన్న రోజు రావద్దు అంది కోడలు.

సరే చెల్లెమ్మా అన్నాడు. చొక్కా తొడుక్కుని, వెచ్చగా ఉంది పెద్దమ్మా అన్నాడు.

నవంబరు 17

రేకుపెట్టె తెరిచాను. జోడు పెట్టుకున్నాను.

మొదట నా బల్ల మీద కాలిన మచ్చలు కనపడ్డాయి. తర్వాత కోడలు కనపడింది. కళ్ళ కింద ఎంత నలుపు! ఇంత అలిసిపోయి ఉన్నావా నువ్వు, ఇన్నాళ్ళూ?

ఫ్రేము కొంచెం వదులుగా ఉందత్తయ్యా అని నా చెవుల దగ్గర సరిచేసింది. చాలాసేపు సరిచేసింది.

నవంబరు 20, పొద్దున

నిన్న ఆ బండి మళ్ళీ వచ్చింది. లైటు ఆర్పేసి మెల్లగా సందులోకి తిరిగింది. ముందు గునపం, ధన్ ధన్ మంటూ. వెనక కోడలు. గునపం సందు మధ్యలో ఆగి, కదలకుండా నిలబడ్డాడు. చెయ్యెత్తలేదు, నోరెత్తలేదు. నేను ఇస్త్రీ పెట్టెతో బల్ల మీద బాదాను. మందుల షాపు అమ్మాయి షట్టరు పైకెత్తింది. లోపలి వెలుతురు బండి మీద పడగానే, దాని నంబరు గొంతెత్తి పైకి చదివింది. మళ్ళీ చదివింది. కిటికీలు తెరుచుకున్నాయి. ఒకావిడ మేడ మీద నుంచి ఆ నంబరునే తిరిగి అరిచింది.

బండి వెనక్కి తిరగడానికి తెగ తిప్పలు పడింది. స్టేషనుకు నంబరు ఇచ్చి వచ్చాం.

పిడిగుద్దులు లేకుండా ఒకణ్ణి పంపించడం నాకిదే మొదటిసారి పెద్దమ్మా అన్నాడు గునపం. టీ పోశాను.

నవంబరు 24

ఇప్పటిదాకా రాసింది ఆఫీసులో ఇచ్చాం. గుమాస్తా కూర్చుని చదవడం మొదలుపెట్టి, మధ్యలో పక్కవాణ్ణి కూడా పిలిచాడు. చదవలేక చస్తావు అన్నది నన్నేనా పెద్దమ్మా అన్నాడు. కోడలు సీలింగు ఫ్యాను వైపు చూసింది.

వేలిముద్ర వెయ్యమన్నాడు. వెయ్యను అన్నాను. దీపం పెట్టించు, నా కోడలు దాని కింద నుంచి నడిచి ఇంటికి రావాలి, అప్పుడు వేస్తా. అలా ఎవరూ చెయ్యరన్నాడు. అందుకే ఎవరికీ దీపాలు లేవన్నాను.

వచ్చేటప్పుడు వెనక నుంచి పిలిచాడు. సంచి గోడ వైపు పెట్టుకోమన్నారు కదా, రెండు వైపులా గోడలుంటే ఎలాగని అడిగాడు. వాళ్ళమ్మాయి కూడా సాయంత్రం బస్సులో వస్తుందట. మంచి ప్రశ్న. మనుషులు లేని గోడ వైపు అని చెప్పాను.

నవంబరు 28, సాయంత్రం

రాసేది మందుల షాపు అమ్మాయి.

దీపం వెలిగింది. లైన్‌మన్ నిచ్చెన దిగి, వేలిముద్ర కోసం ఆఫీసు తిరిగి పంపిన మా కాగితం పట్టుకుని నిలబడ్డాడు. పెద్దమ్మా, వేలు పెట్టు, నాకింకా రెండు సందులున్నాయంటున్నాడు. కూర్చో నాయనా. నీళ్ళు తాగు.

గునపం నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఇవాళ రావద్దందట కోడలు. బూట్ల లేసులు విప్పుతున్నాడు, మళ్ళీ కట్టుకుంటున్నాడు.

జోడు పెట్టుకున్నాను. సందు మొదటి దాకా కనిపిస్తోంది. బస్సు ఆగింది. కళ్ళు మూసుకున్నాను.

టక్కు. టక్కు. టక్కు.

పరుగు లేదు.

ఒరే గునపం, లోపలికెళ్ళి ఆ కూర పొయ్యి మీద పెట్టు. లైన్‌మన్ బాబూ, ఏదీ నీ సిరా.

ఇస్త్రీ పెద్దమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు: గునపం. మందుల షాపు అమ్మాయి.

ఇంటికి వచ్చి, చదివి, సరిగ్గా ఉందని రాసినది: కోడలు.