పాతరలో నాయన లెక్క

దొర్నిపాడు
18-6-1956

నంద్యాలలో ఉన్న అన్నకు చెల్లెలు రాసేది.

నాయన పోయి నెల దాటింది. ఇంట్లో జొన్నలు అయిపోయాయి, గురువారం పెరట్లో పాతర తెరవాలి. ఆ గుంతలోకి తానే దిగుతానని తమ్ముడు నరసింహులు పట్టుబట్టాడు.

ఇన్నేళ్లూ దిగింది నాయనే కదా. బర్మా యుద్ధం చూసొచ్చినవాణ్ని ఇదేం చేస్తుందనేవాడు. లోపల జొన్నలెత్తుతూ "ఏక్, దో, తీన్" అని అరుస్తుంటే, పైన ఆయన నడుముకు కట్టిన తాడు పట్టుకున్న నువ్వూ నేనూ మిలిటరీ గొప్పలని నవ్వుకునేవాళ్లం. అమ్మ మాత్రం గుంత అంచు నుంచి కదిలేది కాదు.

ఎందుకు కదిలేది కాదో నిన్న చెప్పింది. "లోపల చెడ్డగాలికి మనిషి అరవకుండానే పడిపోతాడంట. లెక్క ఆగితే తాడు లాగిచ్చమన్యాడు మీ నాయన. పిల్లోళ్లకు చెప్పొద్దు, భయపడతారన్యాడు."

నరసింహులుకు నలుగురిలో మాట పెగలదు. లెక్క పెట్టమంటే, "నాకు సిగ్గు, ముందు దీపం దించి ఆరిపోతాదేమో చూస్తాలే" అంటున్నాడు. నాకు అన్నం సయించడం లేదు. బుధవారం ఆళ్లగడ్డ బస్సుకు తప్పక రా. తాడు లాగే బలం నాకు లేదు, నువ్వే పట్టుకోవాలి.

అమ్మను నమ్ముకోలేం. పోయిన రెండేళ్లూ నాయన లెక్క ఆమెకు వినబడనే లేదంట. "చెవులు పోయినాయని చెప్పింటే, దిగేదానికి ఆయన భయపడతాండె" అంది.