ముందు గుమ్మం తెరిచి చూశావా?

అమ్మడికి,

ఇందుమూలంగా సమస్త బంధువర్గానికి తెలియజేయడమేమనగా, నేటి నుంచి నా తాళాల కొట్టులో స్టూలు మీద నేను తప్ప ఎవరూ కూర్చోరాదు. మీ పిన్నికి మినహాయింపు. ఆవిడకు చెప్పే ధైర్యం నాకు లేదు.

సోమవారంతో నీ ఉద్యోగం పర్మనెంటో, ఇంటిదారో తేలిపోతుందని మీ అమ్మ అంది. ఇంతకీ నువ్వు చేసే పనేమిటి?

ఆశీస్సులతో,
బాబాయ్

తా.క.: అర్థం కాకపోయినా అర్థమైనట్టే జవాబిస్తాను, భయపడకు.

*

బాబాయ్‌కి నమస్కారాలు.

మేం జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో, వేరే ప్రోగ్రామర్లు వాడుకోవడానికి ఒక ప్యాకేజీ రాశాం. లోపల బోలెడు ఫైళ్లు. వాడుకునేవాళ్లు ప్యాకేజీని పేరుతో పిలిస్తే, ముందు ఎంట్రీ స్క్రిప్ట్ అనే ఒక్క ఫైలు లోడవుతుంది. లోపలివన్నీ దాని చేతి మీదుగానే అందుతాయి. సోమవారం విడుదల. నేను ఎంట్రీ జోలికి పోకుండా, లోపలి ఫైళ్లనే నేరుగా తెచ్చుకుని నలభై రెండు పరీక్షలు పెట్టాను. అన్నీ పాస్.

నీ అమ్మడు

తా.క.: ఇది తాళాలు బిగించినంత తేలిక కాదులే.

*

తెలివిగల అమ్మడికి,

పోయినేడు ఒక కొత్త లాడ్జికి తాళాలు బిగించాను. పెరటి దారిన వెళ్లి పద్దెనిమిది గదులూ తిప్పి చూశాను. వెన్నలా తిరిగాయి. ప్రారంభం నాడు ఓనరు వీధి గుమ్మంలో తాళంచెవి పెడితే కదిలితే ఒట్టు. వచ్చిన జనమంతా ఎండలో. లోపల గదులన్నీ బ్రహ్మాండంగా తెరుచుకుంటాయని నచ్చజెప్పబోయాను.

"లోపలికెళ్లేదెలాగయ్యా?" అన్నాడు.

మీ ప్యాకేజీ వాడుకునేవాళ్లు కూడా పెరట్లోంచే వస్తారా?

నీ మేలుకోరే,
బాబాయ్

తా.క.: కోపమొచ్చిందా? వస్తే ఈ ఉత్తరం పనిచేసినట్టే.

*

బాబాయ్,

వచ్చింది. నీ నోరు మూయించాలనే ప్యాకేజీని పేరుతో పిలిచి, ఎంట్రీ స్క్రిప్ట్ ద్వారానే పరీక్షలు నడిపాను. నలభై రెండూ బోర్లాపడ్డాయి. పోయిన నెల మేం పేరు మార్చిన ఫైలును ఆ స్క్రిప్ట్ ఇంకా పాత పేరుతోనే వెతుకుతోంది. ఒక్క లైను దిద్దాను. విడుదల సాఫీగా జరిగింది. నేను పర్మనెంట్.

మా మేనేజరు నీ కథ విని మురిసిపోయాడు. ఇకపై కొత్తవాళ్లందరూ "లాడ్జి పరీక్ష" చేయాల్సిందేనట. గోడకు పెట్టడానికి ఆ గుమ్మం ఫోటో కావాలట.

నీకు రుణపడిన
అమ్మడు

తా.క.: ఆ లాడ్జి ఓనరు గారొచ్చి మావాళ్లకు నాలుగు మాటలు చెప్పాలట. మా మేనేజరు కారు పంపిస్తున్నాడు.

*

పర్మనెంట్ అమ్మడికి,

నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ పిన్ని కళ్లొత్తుకుంది. ఫోటోదేముంది, ఏదో ఒక గుమ్మం తీసి పంపుతాను. చిక్కంతా ఓనరుతోనే. మంచం పట్టాడని చెప్పు. మీ మేనేజరు పళ్లు పట్టుకుని పరామర్శకు బయల్దేరితే, పోయాడని చెప్పేయి. ఒక నిమిషం మౌనం పాటిస్తారు. అంతకన్నా పోయేదేం లేదు.

గర్వంతో,
బాబాయ్

తా.క.: అసలు లాడ్జే లేదమ్మా.