బావగారి పేరు వాడుకున్నందుకు

హామిల్టన్, న్యూజీలాండ్
11 ఆగస్టు 2002, ఆదివారం

ఇవాళ్టి పనులు: బట్టలు ఉతకడం అయింది. ఆరేయడం మూడుసార్లు అయింది, ఆరడం ఒక్కసారీ కాలేదు. పప్పుచారు, క్యాబేజీ కూర అయ్యాయి. పొంగనని మొండికేసిన ఇడ్లీ పిండిని హీటరు పక్కన కూర్చోబెట్టాను. మిగిలింది నీకు ఉత్తరం.

అక్కయ్యకు సత్యవతి దండం పెట్టి రాస్తున్నది. నువ్వూ బావగారూ కులాసా అని తలుస్తాను. నీ మోకాలు ఎలా ఉంది? ముక్తేశ్వరంలో వానలు పడ్డాయా, కొబ్బరికాయ ధర ఏమైనా కోలుకుందా? ఇక్కడ మేము ముగ్గురం బాగున్నాం. చలి ఉంది గానీ బాగున్నాం. తిండికి లోటు లేదు, బాగున్నాం. ఇన్నిసార్లు బాగున్నామంటోందంటే ఏదో ఉందని నువ్వు అనుకుంటావు. ఉంది. బావగారికి చదివి వినిపించే ముందు ఈ ఉత్తరం నువ్వొక్కదానివే ఒకసారి చదువుకో.

మంచి మాట ముందు చెబుతాను. మీ మరిదికి ఉద్యోగం వచ్చింది, అక్కయ్యా. ఇక్కడి నది గట్లూ, మురుగు కాలువలూ, నీళ్ళు తోడే పంపులూ చూసే ఇంజనీరు పని. పై నెల మొదట్లో చేరాలి. సముద్రాలు దాటి వచ్చి మళ్ళీ కాలవ గట్టే ఎక్కబోతున్నారు.

రెండో మాట ఏమిటంటే, ఆ ఉద్యోగం నేను బావగారి పేరు వాడుకుని సంపాదించాను. ఎలాగో మొదటినుంచి చెబుతాను, కోప్పడకుండా విను.

చదువుకు ఇన్ని మార్కులు, అనుభవానికి ఇన్ని మార్కులు అని లెక్కకట్టి ఈ దేశం వాళ్ళు మమ్మల్ని శాశ్వతంగా ఉండడానికి రమ్మన్నారు కదా. వచ్చాక ఆ మార్కులు ఎవరూ అడగలేదు. కిందటి ఉత్తరాల్లో ‘ప్రస్తుతానికి చిన్న ఉద్యోగం’ అని రాశానే, అది కూరగాయల కొట్టులో క్యాబేజీలు పేర్చడం. ఈయన వాటిని గట్టుకు రాళ్ళు పేర్చినట్టు వాలుగా పేరుస్తారు. ఒకటి తీస్తే రెండోది జారదు. కొట్టు యజమాని మురిసిపోయి మిగిలినవి ఇంటికి ఇచ్చి పంపుతాడు. వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో క్యాబేజీ తెగలేదు.

ఆ కొట్టులో చేస్తూనే ఇంటర్వ్యూలకు వెళ్ళేవారు. వచ్చి, “బాగా జరిగింది” అనేవారు. వారం తిరక్కుండా, వేరేవారిని తీసుకున్నామని మర్యాదగా ఉత్తరం వచ్చేది. అక్కడ మన కాలవల ఆఫీసులో పెట్టిన సెలవేమో సెప్టెంబరుతో సరి. ఆలోగా ఏదీ కుదరకపోతే తిరిగి వచ్చి చేరిపోవడమే అన్నారు. అమలాపురంలో ఇల్లు అమ్మేసి వచ్చాం. లలిత ఇక్కడ కాలేజీలో చేరి, దాని మానాన అది చదువుకుంటోంది. తిరిగి వస్తే ఎక్కడ దిగుతాం? మీ ఇంట్లోనే. నువ్వు కాదనవు. కానీ మీకున్న బాత్‌రూము ఒక్కటే, బావగారు అందులోకి వెళ్తే పేపరు పూర్తయ్యేదాకా రారు.

కొత్తగా వచ్చినవాళ్ళకు ఉద్యోగం వెతకడంలో సాయం చేసే ఆవిడ ఇక్కడ ఒకామె ఉంది. ఆమె ఒకరోజు ఫోను చేస్తే లలిత మాట్లాడింది. ఫోను పెట్టేసి, నవ్వాలో ఏడవాలో తెలియనట్టు నిలబడింది.

“ఏమందే?” అన్నాను.

“నాన్నగారు చెప్పిందంతా విన్నాక, ఉద్యోగం నాన్నగారి పై అధికారికి ఇవ్వాలనిపించిందటమ్మా వాళ్ళకి. ఆయన ఖాళీగా ఉన్నారా అని కూడా అడిగేరంట.”

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర నేనే అధికారినై కూర్చుని పరీక్ష పెట్టాను.

“చెప్పండి. ఆ వరదలో కాలవ గట్టుకు పడ్డ గండి ఎవరు పూడ్చేరు?”

“పైవారి సలహా, తోటివారి సాయం, ఊరివారి పుణ్యం అండీ.”

“మరి మీరేం చేసేరు?”

“నాదేముందండీ. నేనూ అక్కడున్నాను, ఆయ్.”

ఇరవై రెండేళ్ళ కాపురంలో నన్ను ‘అండీ’ అనడం అదే మొదలు.

అసలు సంగతి నీకు తెలుసు. వేసిన ఇసుక బస్తాలు వేసినట్టే కొట్టుకుపోతుంటే, రేవులో ఉన్న ఇసుక పడవను తెప్పించి, గండికి అడ్డంగా తిప్పించి, అడుగున చిల్లు పొడిపించి ముంచింది ఈయన. పడవ ఆసామి గుండెలు బాదుకుంటే, “నీ పడవకు నాదీ పూచీ” అన్నది ఈయన. పై అధికారి జీపు అప్పటికి జొన్నాడ దాటలేదు. హెడ్ గుమాస్తాగా మన బావగారు పులిహోర పొట్లాలు పంచిపెట్టారు. ఆ పులిహోర నువ్వు చేసింది.

ఈ కథ నాకు కూర తరుగుతున్నప్పుడు చెప్పారు, జ్వరంతో పడుకున్నప్పుడు చెప్పారు. ప్రతిసారీ “నేనే ముంచేను” అనే చెప్పారు. “ఇంట్లో చెప్పే మాట వాళ్ళ దగ్గర ఎందుకు చెప్పరు?” అని నిలదీశాను.

“మన గొప్ప మనమే చెప్పుకుంటామా? నలుగురూ నవ్వరూ?”

“ఇక్కడ నలుగురూ నవ్వట్లేదు, నలుగురూ వద్దంటున్నారు.”

అప్పుడు ఆలోచించాను. బయటివాళ్ళ ఎదుట ఈయన నోట ‘నేను చేసేను’ అనే మాట ఎప్పుడు వస్తుంది? తను చేసింది ఇంకొకరు చేశామంటే వస్తుంది. ఆ సమయానికే దేవుడు పంపినట్టు నీ ఉత్తరం వచ్చింది. బావగారి రిటైర్మెంటు సన్మానం, శాలువా, దండ, మాట్లాడుతూ ఆ వరద సంగతి ఎత్తితే అందరూ చప్పట్లు కొట్టారని నువ్వు రాసిన ఒక్క వాక్యం.

గురువారం ఇంటర్వ్యూ. పొద్దున్న ఈయన అద్దం ముందు టై కట్టుకుంటుంటే నీ ఉత్తరం తీశాను.

“అక్కయ్య ఉత్తరం వచ్చింది. బావగారి సన్మానం ఘనంగా జరిగిందట. గండి పూడ్చిన కథ చెప్పేరట. పడవ ముంచమన్న ఆలోచన తనదేనని చెప్పేరట.”

ఆ చివరి ముక్క నీ ఉత్తరంలో లేదు. అది నా తాలింపు.

టై సగంలో ఆగిపోయింది. “ఎవరిదీ?”

“బావగారిదట.”

“అన్నయ్యగారు పడవ ముంచేరా? పులిహోరలో జీడిపప్పు తక్కువైందని గట్టుమీద తగువు పెట్టుకున్న మనిషి పడవ ముంచేరా?”

“ఏమోలెండి. పెద్దాయన, నలుగురిలో అబద్ధం ఆడతారా?” అని ఇంకో చెంచాడు కారం వేశాను.

ఉప్మా ముట్టలేదు. గొడుగు మరిచిపోయి ఆ వానలో బస్సెక్కారు.

అక్కడ ముగ్గురు కూర్చున్నారట. మీ గురించి చెప్పండి అని అడగగానే, “ముందు ఒక సంగతి తేలాలి. ఆ పడవ ముంచింది నేను” అన్నారట. వాళ్ళ ఫైళ్ళు తీసుకుని బల్లమీద గట్లు కట్టి, టీతో పెట్టిన బిస్కట్టును పడవ చేసి, మొత్తం వరద అంతా చూపించారట. ఎవరూ మధ్యలో ఆపలేదట. చివర్లో పెద్దాయన ఒక్కటే అడిగాడట, “ఆ పడవ మనిషికి డబ్బు ముట్టిందా?” అని. “ఆఫీసు ఇచ్చేదాకా ఆగితే వాడు పస్తులుంటాడని ముందు నా జీతం ఇచ్చేశాను” అన్నారట.

అది ఆయన నోట నేనూ ఆ రోజే విన్నాను, అక్కయ్యా. ఆ నెల జీతాలు ఆలస్యమయ్యాయని నాతో చెప్పారు. వందసార్లు చెప్పిన కథలో ఆ ముక్క ఒక్కసారీ చెప్పలేదు. నేను కాఫీ కలిపే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాను.

నిన్న పొద్దున్న ఫోను వచ్చింది, ఉద్యోగం ఇచ్చామని. అక్కడి ఉద్యోగానికి రాజీనామా రాసి సంతకం పెట్టారు. పెట్టాక చాలాసేపు పెన్ను మూత పెట్టలేదు. ఆ కవరు బావగారి పేరున విడిగా వస్తుంది, ఆఫీసులో అందజేయమను.

ఇక నా తంటా. వినాయక చవితికి ఫోను చేసి అన్నయ్యగారిని కడిగేస్తానని ఈయన పంతం పట్టి కూర్చున్నారు. ఉద్యోగం వచ్చిన సంతోషం కన్నా అదే ఎక్కువగా ఉంది. బావగారు ‘నేనలా అనలేదే’ అన్నారో, ‘మరి నాకెవరు చెప్పేరు’ అని నావైపు తిరుగుతారు. ఎవరో రెచ్చగొడితే తప్ప నోరు విప్పలేదని తెలిస్తే, ఆ ఉద్యోగం తనది కాదనుకునే రకం. అందుకని బావగారిని బతిమాలి ఒప్పించు. “ఆయ్, నోరు జారేను తమ్ముడూ, ముంచింది నువ్వే” అంటే చాలు. చేయని దానికి ఒప్పుకోవడమేమిటంటారు. కిందటేడు చవితి చంద్రుణ్ణి చూసి ఉంటారు, అందుకే ఈ నీలాపనింద అని చెప్పు. ఈసారి కథ చదువుకుని అక్షింతలు వేసుకోమను.

అప్పటికీ ఒప్పుకోకపోతే నీ పెళ్ళిచూపులు గుర్తుచెయ్యి. ఆ రోజు అమ్మ పళ్ళెంలో పెట్టిన కజ్జికాయలు “మా పెద్దమ్మాయి చేసిందండీ” అంటే, బావగారు అయిదు తిని పిల్ల నచ్చిందన్నారు. ప్రతి దీపావళికీ అవే కావాలంటారు, నేను ముందురోజే వచ్చి వంటింటి తలుపు మూసుకుని చేసి పెడతాను, నువ్వు వడ్డిస్తావు. ముప్ఫై ఏళ్ళయినా నేను పైకి అనలేదు. ఈయన్ని అన్నాను గానీ, నేనూ ఆ గూటి పక్షినే. ఈ దీపావళికి నేను రాలేను కనుక ఎలాగూ బయటపడుతుంది, నువ్వే ముందు చెప్పేసేయి.

ఈ చలిలో మీ ఆశీర్వాదమే మాకు దుప్పటి. పెద్దత్తయ్యకు మా ముగ్గురి దండాలు. మోకాలికి నూనె రాయడం మానకు. బట్టలు మళ్ళీ తడుస్తున్నాయి, లేస్తున్నాను.

నీ చెల్లెలు
సత్యవతి

తా.క. పెళ్ళిచూపుల నాటి కజ్జికాయలు నేనే చేశాను. వాటికి బదులుగా బావగారి పేరు ఒక పూట వాడుకున్నాను. మన ఇద్దరి మధ్య బాకీ చెల్లు.